ముందు బెంచీ

“చెయ్యెత్తావా, లేదా? అదొక్కటే అడుగుతున్నాను. సమాధానం చెప్పు.”

ఆర్లో కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా వంటింటి టేబులు మీద, చల్లారబెట్టిన గుమ్మడికాయ రొట్టెల పక్కన, అరచేతిలో ఇమిడేంత ఇత్తడి పలక ఒకటి పడి ఉంది. ‘మా కర్టిస్ ప్రెంటిస్ జ్ఞాపకార్థం’ అని దాని మీద చెక్కిన అక్షరాలు.

విన్నీ ఇందాకే దాన్ని మొగుడి కోటు జేబులోంచి తీసింది. బట్టలు మెషిన్‌లో వేసేముందు జేబులు వెతకడం ఆమెకి పెళ్లయిన కొత్తల్లోనే అలవాటైంది. నలిగిన రుమాలో, మందుల చీటీయో తగులుతుందనుకుంటే చల్లగా ఇంకేదో తగిలింది. పైకి తీసి చూస్తే పోయిన కొడుకు పేరు. సెయింట్ ఆస్వల్డ్ చర్చిలో ముందు వరస బెంచీకి ఉండాల్సిన పలక అది. దానికి వాషింగ్ మెషిన్ దగ్గరేం పని?

“ఎత్తాను,” అన్నాడు ఆర్లో చివరికి.

“ఎత్తావు!”

“ఎత్తాను విన్నీ. చర్చి కమిటీలో అందరం ఎత్తాం. ముందు రెండు బెంచీలూ తీసేసి అక్కడ తివాచీ వేస్తారు. చిన్న బల్ల, కుర్చీలు, రంగు పెన్సిళ్లు పెడతారు. కొత్తగా వచ్చేవాళ్లు పసిపిల్లల్ని కింద గదిలోకి పంపక్కర్లేకుండా, పిల్లలకి అన్నీ దగ్గర్నించి కనపడేలాగ. సోమవారం వడ్రంగి వస్తున్నాడు.”

“సోమవారమంటే ఎల్లుండి.”

“ఎల్లుండే.”

“మరి నాకెప్పుడు చెబుదామనుకున్నావు? తివాచీ పరిచాకా?”

“రోజూ అనుకున్నాను చెబుదామని. నీ మొహం చూస్తే నోరు పెగల్లేదు.”

“నోరు పెగల్లేదు గానీ చెయ్యి మాత్రం బాగానే లేచింది!”

ఆర్లో కప్పు కింద పెట్టాడు. నలభై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడు. ఎంత అల్లరి క్లాసయినా గొంతు పెంచకుండా లాక్కొచ్చేవాడని ఊళ్లో పేరు. ఇప్పుడూ పెంచలేదు. విన్నీకి ఒళ్లు మండేది అందుకే.

“ఇంకెవడో వచ్చి దాన్ని పీకడం ఇష్టం లేక నేనే వెళ్లి విప్పాను,” అన్నాడు.

“ఆహా, ఎంత ప్రేమ! నీ చేత్తోనే ఓటేసి, నీ చేత్తోనే విప్పావు. ఇంకెవరికీ పని లేకుండా చేశావు.”

“పిల్లలు రావట్లేదు విన్నీ. నీకు తెలీదా? పోయిన ఈస్టరుకి రంగు గుడ్లు దాచాం. వెతకడానికి పిల్లలు లేక మళ్లీ మనమే వెతుక్కున్నాం.”

“అందుకని నా కొడుకు బెంచీ కావాల్సి వచ్చిందా? స్వాగత కమిటీ పెద్దని నేను. కొత్తవాళ్లని పలకరించేది నేను. గుమ్మంలో నిలబడేది నేను. ఇళ్లకి రొట్టెలు మోసేది నేను. నన్నొక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు!”

“రొట్టెలిస్తావు. కాదన్నానా? నీ రొట్టె తిని మళ్లీ మళ్లీ వచ్చినవాళ్ల పేరు ఒక్కటి చెప్పు.”

విన్నీ చెబుదామని నోరు తెరిచింది. ఒక్క పేరూ నోటికి రాలేదు. దాంతో కోపం రెట్టింపైంది.

“జోలీన్ లేదూ? ముగ్గురు పిల్లలతో వస్తోంది.”

“వస్తోంది. పోయిన ఆదివారం ఆ పిల్లని ముందు బెంచీలోంచి లేపిందెవరు?”

“లేపలేదు. వెనక కూర్చుంటే హాయిగా ఉంటుందని చెప్పాను.”

“హాయిగా!” అన్నాడు ఆర్లో. ఆ ఒక్క మాట చాలింది.

సెయింట్ ఆస్వల్డ్‌లో అందరూ వెనకే కూర్చుంటారు. ఎవరికెవరూ చెప్పుకోలేదు గానీ తాతల నాటి నుంచీ అంతే. ముందు వరసలు పెళ్లిళ్లకీ చావులకీ. మామూలు ఆదివారం ఆలస్యంగా వచ్చినవాళ్లు మాత్రం, వెనక చోటు దొరక్క, నిండిన బెంచీలన్నీ దాటుకుంటూ సిగ్గుపడుతూ ముందుకి నడవాలి. ఇది తెలియని జోలీన్ పోయిన ఆదివారం పెందలాడే వచ్చి, ముందు కూర్చోవడమే మర్యాద అనుకుని, పిల్లల్ని తీసుకెళ్లి మొట్టమొదటి బెంచీలో కూర్చుంది.

తీరా ఆరాధన మొదలయ్యాక చూడాలి. ఈ చర్చిలో లేవడం, కూర్చోవడం, మోకరించడం ఒక దాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఎప్పుడేం చెయ్యాలో ముందున్నవాళ్ల వీపుల్ని చూసి నేర్చుకోవాలి. మొదటి బెంచీలో కూర్చున్నవాళ్లకి ముందు వీపులేవి? అందరూ మోకరిస్తే వాళ్లు నిలబడ్డారు. అందరూ నిలబడితే వాళ్లు కూర్చున్నారు. చిన్నవాడు “అమ్మా, ఇప్పుడేంటి?” అని గట్టిగా అడిగాడు. వెనక నుంచి కిసుక్కుమన్నారు కొందరు. ఆ తర్వాత కాఫీల దగ్గర విన్నీ చిరునవ్వుతో వెళ్లి, ఆ హాయి మాట చెప్పింది.

“అది నా కొడుకు బెంచీ,” అంది విన్నీ ఇప్పుడు. “దాని మీద ఎవరూ కూర్చోరు.”

“మన కొడుకు.”

“అయితే ఎలా చెయ్యెత్తావు?”

ఆర్లో పలకని తన వైపు తిప్పుకున్నాడు. “వాడు ఆ బెంచీలో ఒక్కనాడైనా కూర్చున్నాడా విన్నీ? వాడూ మనతో పాటు వెనకే. ఉన్నన్నాళ్లూ వెనకే. ముందుకొచ్చింది ఒక్కసారి. అదీ శవపెట్టెలో.”

విన్నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నవాడికీ ఆ మాట ఎంత దూరం పోయిందో తెలిసింది. వెనక్కి తీసుకుందామన్నట్టు చెయ్యి చాపాడు కానీ, అప్పటికే ఆమె లేచింది. జోలీన్ వాళ్లకని ఎర్ర రిబ్బను చుట్టి పెట్టిన రొట్టెని తీసి, రిబ్బనుతో సహా చెత్తబుట్టలో పడేసింది. పలక పట్టుకుని మేడ మీదికి వెళ్లి తలుపేసుకుంది.

అక్కణ్ణుంచే చర్చి గురువుకి ఫోన్ చేసింది. గురువు ఆడమనిషి, వయసులో విన్నీ కంటే బాగా చిన్నది. అయినా ఊరంతా మదర్ రోవెనా అంటారు.

“అయ్యో, ఆర్లోగారు మీకు తానే చెబుతానన్నారండీ,” అంది రోవెనా. “మీరు ఒప్పుకున్నారనుకున్నాం.”

“ఒప్పుకున్నానని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. మీరు స్వాగత కమిటీ కదా, మీరే అందరికంటే సంతోషిస్తారని...”

“నా సంతోషం మీద కూడా మీరే ఓటేసి తేల్చేశారన్నమాట!”

రోవెనా గొంతు తగ్గించింది. “పలకని గోడకి బిగిద్దాం విన్నీగారూ. తివాచీ పక్కనే. పిల్లలందరికీ కనపడుతుంది.”

“గోడకా? క్యాలెండరు తగిలించినట్టా?”

పెట్టేసింది. మళ్లీ రింగైతే ఎత్తలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సూపు గిన్నె ఇటు నుంచి అటు జరిగింది. ఉప్పు సీసా అటు నుంచి ఇటు జరిగింది. మాట మాత్రం జరగలేదు. ఆర్లో ఒకసారి గొంతు సవరించుకున్నాడు. విన్నీ లేచి పంపు తిప్పి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

*

ఆదివారం మొగుడు లేవకముందే విన్నీ తయారైంది. పలక సంచిలో వేసుకుంది. స్క్రూడ్రైవరు వేసుకుంది. పలక తాలూకు స్క్రూలెక్కడున్నాయో ఆర్లోకే తెలుసు. కానీ అడగాలంటే మాట్లాడాలి, మాట్లాడే ఉద్దేశం ఆమెకి లేదు. కారు షెడ్డులో డబ్బా బోర్లించి చేతికందినవి నాలుగు తీసుకుంది. రేపు వడ్రంగి వచ్చేసరికి పలక దాని చోట దానికి ఉండాలి. కర్టిస్ పేరు ఉన్న బెంచీ మీద ఎవడు రంపం పెడతాడో చూద్దామనుకుంది. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద ప్రమాదంలో కొడుకుని పోగొట్టుకుంది. మంచునైతే ఏమీ అనలేకపోయింది. కళ్లెదురుగా, పట్టపగలు, చేతులెత్తి మరీ వాడి పేరు తీసేస్తుంటే ఊరుకోవడానికి వీళ్లు మంచు కాదు, మనుషులు.

ఖాళీగా ఉంటుందనుకున్న చర్చిలో ముందు బెంచీ నిండా మనుషులున్నారు.

జోలీన్ కళ్ల కింద నలుపు. వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి పిల్లల కోసం ఇంటికెళ్లి వెంటనే వచ్చినట్టుంది, డ్యూటీ ప్యాంటు మీదే స్వెటర్ వేసుకుంది. పక్కన ఏడేళ్ల టాన్సీ, దాని పక్కన తమ్ముళ్లిద్దరూ. ముగ్గురికీ తలలు తడిపి నున్నగా దువ్వింది.

“కాస్త లేస్తారా?” అంది విన్నీ.

జోలీన్ కదల్లేదు. “మళ్లీనా?”

“నాకిక్కడ చిన్న పనుంది.”

“పోయిన వారం హాయి. ఈ వారం పని. వచ్చే వారం ఏం చెబుతారో అదీ చెప్పెయ్యండి మేడమ్, ఇంటిదగ్గరే పడుంటాం.”

“మీ మంచికే చెప్పాను. వెనకైతే పిల్లలతో మీకు సుఖంగా ఉంటుందని.”

“నాకా సుఖం, మీకా?” జోలీన్ గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గించలేదు. “రాత్రంతా నిలబడి వచ్చాను. ముగ్గురికీ మొహాలు కడిగి తెచ్చాను. వెనక కూర్చోబెడితే వీళ్లకి కనపడేది మీ వీపులు. మీ వీపులు చూడ్డానికి ఇంత దూరం రావాలా?”

“ముందు కూర్చుంటే ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలీదు కదమ్మా.”

“తెలీదు. తెలిసినవాళ్లు ఒక్కరొచ్చి పక్కన కూర్చుంటే తెలిసేది. వెనక కూర్చుని నవ్వితే ఎలా తెలుస్తుంది?”

“నేను నవ్వలేదు!”

“నిజమే. మీరు నవ్వలేదు. మీరు నవ్వుతూ వచ్చి చెప్పారు.”

విన్నీకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఏళ్ల తరబడి స్వాగతం చెబుతోంది తను. ఇలా మొహం మీద అన్నవాళ్లు లేరు. అనాల్సినవాళ్లు రెండోసారి వస్తేగా అనడానికి! ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా మండిపోయింది.

“ఇక్కడ చిల్లులున్నాయి,” అంది టాన్సీ. బెంచీ అంచున రెండు చిల్లుల మీద వేలు పెట్టింది. “పోయినసారి ఇక్కడ పేరుండేది. కర్టిస్. నేనే చదివాను. ఆయన బెంచీయా ఇది?”

“అవును.”

“మరి ఆయనేడి?”

“లేడు.”

“ఎక్కడికెళ్లాడు?”

“చచ్చిపోయాడు!” అంది విన్నీ. పసిదాని మీద అరిచినట్టే అంది. “మా అబ్బాయి. ఇక్కడ ఎవరూ కూర్చోరు. చావుకే కూర్చుంటాం ఇక్కడ. నేను ఆఖరుసారి కూర్చుంది వాడి చావుకే. తెలిసిందా?”

టాన్సీ వేలు వెనక్కి తీసుకుంది. జోలీన్ ఒక్క క్షణం విన్నీ మొహంలోకి చూసింది. ఇప్పుడు చల్లబడుతుంది, ఓదారుస్తుంది అనుకుంది విన్నీ. ఆ ఓదార్పుని ఎలా తోసెయ్యాలో కూడా సిద్ధం చేసుకుంది.

“ఇది పోయిన వారం ఎందుకు చెప్పలేదు?” అంది జోలీన్. “మా అబ్బాయిదమ్మా అని ఒక్క మాటంటే దండం పెట్టి లేచి వెళ్లేదాన్ని. నా పిల్లలకీ చెప్పుకునేదాన్ని. హాయి అన్నారు, సుఖం అన్నారు. కడుపులో ఉన్నది మాత్రం అనలేదు. మేమేదో అంటరానివాళ్లమని వారమంతా ఏడ్చాను నేను.” పిల్లల కోట్లు దగ్గరికి లాక్కుంది. “లేవండర్రా. పోదాం.”

ఆర్గన్ మోగింది.

వాదనలో ఇద్దరూ చూసుకోలేదు గానీ వెనక బెంచీలన్నీ ఎప్పుడో నిండాయి. శిలువ పట్టుకున్నవాళ్లు, పాటలవాళ్లు, వాళ్ల వెనక మదర్ రోవెనా, నడి దారి నిండా వస్తున్నారు. పక్క దారికి స్తంభం, పూల స్టాండు అడ్డం. జోలీన్ బయటికి పోవాలంటే శిలువకి ఎదురు నడవాలి. విన్నీ తన చోటికి పోవాలన్నా అంతే.

ఒక చేతిలో స్క్రూడ్రైవరుతో విన్నీ ముందు బెంచీలోకి జరిగింది. నిలబడింది.

పక్కన టాన్సీ కూడా నిలబడింది. దాన్ని చూసి తమ్ముళ్లు నిలబడ్డారు. వాళ్లని చూసి తల్లి, పెదవి కొరుక్కుంటూ, నిలబడింది.

విన్నీ పాటల పుస్తకం తీసింది. టాన్సీ తీసింది. విన్నీ కూర్చుంది, వాళ్లు కూర్చున్నారు. సువార్త చదివేటప్పుడు లేస్తే లేచారు. విన్నీ స్కర్టు సర్దుకుంటే టాన్సీ గౌను సర్దుకుంది. విన్నీ కోపంగా ఊపిరి వదిలితే ముగ్గురు పిల్లలూ, అదీ ప్రార్థనలో భాగమే కాబోలనుకుని, బుస్సుమని ఊపిరి వదిలారు. వెనక ఎవరో నవ్వారు. విన్నీ గిర్రున తిరిగి ఆ నవ్వినవాళ్లకేసి చూసింది. పిల్లలూ తిరిగి చూశారు. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

ఆ చూపులోనే వెనక వరసలో ఆర్లో కనపడ్డాడు. తన చోటు పక్కన ఇంకో చోటు ఖాళీ ఉంచుకుని, ఒక్కడే కూర్చున్నాడు.

పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చింది. విన్నీ మోకరించింది. పక్కన చిన్న మోకాళ్లు టపటపా దిండు మీద వాలాయి. ఈ బెంచీలో ఇంతకు ముందు మోకరించినప్పుడు ఎదురుగా పెట్టె ఉండేది. ఇప్పుడు బోసిగా ఉన్న నేల. రేపు తివాచీ పరిచే నేల. దాన్ని చూస్తుంటే ఏడుపొచ్చి, ఏడుపుకి అడ్డంగా మళ్లీ కోపమొచ్చింది. చేసినవి, చెయ్యకుండా విడిచినవి అంటూ అందరితో పాటు పెదవులు కదిపింది. ఎవరు చేసినవో, ఎవరు విడిచినవో ఆమె మనసులో వేరే జాబితా నడుస్తోంది. జాబితాలో మొదటి పేరు ఆర్లోది.

అందరూ లేచారు. మదర్ రోవెనా రెండు చేతులూ చాచింది. “ప్రభువు సమాధానం ఎల్లప్పుడూ మీకు తోడై ఉండును గాక!”

“మీకునూ తోడై ఉండును గాక,” అంది చర్చి అంతా. ఇక ఒకరికొకరు చేతులు కలిపి సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే సమయం. వెనక బెంచీల్లో ఎప్పటిలాగే గలగల, పలకరింపులు. ముందుకి మాత్రం, ఎప్పటిలాగే, ఎవరూ రారు.

ఆర్లో లేచాడు. ఖాళీ వరసలన్నీ దాటుకుంటూ నడిచొచ్చాడు. గలగల సద్దుమణిగింది. ఊళ్లో అందరికీ తెలుసు, ఆర్లో ప్రెంటిస్ అందరి కళ్ల ముందూ ఈ దారిన ఇంత ముందుకి వచ్చింది కొడుకు పెట్టె వెనకే అని. వచ్చి విన్నీ ఎదురుగా ఆగాడు. కుడి చెయ్యి చాచాడు. అరచేతిలో రెండు చిన్న ఇత్తడి స్క్రూలు.

“విన్నీ,” అన్నాడు. “సమాధానం.”

ఆ చేతిని చూసింది విన్నీ. నాకు చెప్పకుండా లేచిన చెయ్యి ఇదే కదా అనుకుంది. స్క్రూలిచ్చి బెంచీ నిలబెడతానంటున్నాడా? నీ కొడుకు పేరు నువ్వే ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకో అంటున్నాడా? అందరి ముందూ చెయ్యి చాచి తన నోరు మూయిస్తున్నాడా? చాచిన చెయ్యి అతను దించలేదు. అది కూడా ఆమెకి కోపమే తెప్పించింది.

“నిన్న అడిగితే లేని సమాధానం ఇవాళెక్కడిది?” అంది పళ్ల మధ్యనుంచి. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

ఆర్లో చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పటికే మదర్ రోవెనా మెట్లు దిగింది. ఇన్నాళ్లకి ముందు బెంచీలో పిల్లలు కనపడ్డారన్న సంబరం ఆమె మొహం నిండా ఉంది. టాన్సీ ముందు వంగి చెయ్యి చాచింది. “సమాధానం తల్లీ!”

టాన్సీ ఆ చేతిని చూసింది. విన్నీని చూసింది. తర్వాత ఎంతో శ్రద్ధగా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. అక్క మోచేతితో పొడవగానే తమ్ముళ్లిద్దరూ అలాగే పెట్టుకున్నారు.

జోలీన్ మొహం పాలిపోయింది. రోవెనా వంగిన మనిషి వంగినట్టే ఉంది.

టాన్సీ విన్నీ వైపు తలెత్తింది. మొదటిసారి, ఒక్క తప్పూ చెయ్యనందుకు, దాని కళ్లు మెరుస్తున్నాయి.

“ఇప్పుడు కరెక్టేగా?” అని గుసగుసగా అడిగింది. “ఇంక మమ్మల్ని వెనక్కి పంపరుగా?”